నోటితో పిలవని పేరు

పోయిన నెల మొదటి గురువారం మధ్యాహ్నం, వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి, కోళ్ళు కెలక్కుండా కర్ర పట్టుకుని గడప మీద కూర్చుని ఉంటే టెక్కలి నుంచి ఫోను వచ్చింది. చేసింది మా అధ్యయన కేంద్రం గుమాస్తా. దూరవిద్యలో చదివే మాలాంటివాళ్ళకు ఆదివారాలు ఒక కాలేజీలో క్లాసులు జరుగుతాయి. అక్కడ మెట్ల కింద ఇరుకు గదిలో, కాగితాల కట్టల మధ్య కూర్చుని ఉంటాడు ఆ అబ్బాయి. మా అమ్మాయికన్నా చిన్నవాడు, నన్ను పిన్నీ అంటాడు.

"పిన్నీ, డిగ్రీ పట్టాల దరఖాస్తులు వచ్చాయండి. నెలాఖరుకి ఆఖరు. సభకొచ్చి అందుకుంటారో, పోస్టులో పంపించీమంటారో గడిలో టిక్కు పెట్టాలి. మీరు పాసై ఎనిమిది నెలలైపోనాది, ఇంకా ఏటి ఆలోచన?" అన్నాడు. వస్తానన్నాను. ఫోను పెట్టెయ్యబోతుంటే అతనే మళ్ళీ అందుకున్నాడు. "మీతోపాటు వచ్చీవారు సూడండి, ఆవిడ. ఆవిడవి రెండు పేపర్లు ఉండిపోయాయి. ఈసారి రాయకపోతే గడువు తీరిపోద్ది, మళ్ళీ మొదట్నుంచి చేరాల్సిందే. పేరు చెప్పండి, నంబరు తీసి సూత్తాను."

లైను పోయిందేమో అనుకుని అతను రెండుసార్లు హలో అన్నాడు. "పేరు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతాను బాబూ" అన్నాను. అతను నవ్వాడు. "ఒకే బల్ల మీద అన్నేళ్ళు కూకున్నారు, పేరు మరిసిపోనారేటి? మరి డిగ్రీ ఎలగ పాసయ్యారు పిన్నీ?" అన్నాడు. లోపలికి వెళ్ళి, గోడకున్న పాత క్యాలెండరులో ఒక నెల చింపి, దాని వెనక ఆమె ఇంటిపేరు, పేరు పెద్ద అక్షరాలతో రాసి పంపాను. నా చేతిరాతలో అంత చక్కగా వచ్చే మాట ఇంకొకటి లేదు. నా పేరు కూడా అంత బాగా రాయలేను.

రాయగలను. నోటితో మటుకు అనలేను. మరిచిపోయి కాదు. ఆమె నాకు నేస్తం.

మా వైపువాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. మా ఉద్దానం ఊళ్ళల్లో నేస్తమంటే ఊరికే స్నేహితురాలు కాదు. పెళ్ళి జరిపించినట్టే పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నేస్తరికం కడతారు. ఒక ఈడు వాళ్ళై ఉండాలి, చూడగానే ఈ ఇద్దరూ జోడీ అనిపించాలి. కులం ఒకటి కానక్కర్లేదు. మాది జీడితోటలు, కొబ్బరిచెట్లు ఉన్న రైతుల ఇల్లు. వాళ్ళది సముద్రం మీద బతికే ఇల్లు. నేస్తరికం కట్టాక వాళ్ళింట్లో చావైనా పెళ్ళైనా మనింట్లో జరిగినట్టే. పండక్కి ఒకరికి ఏ చీర పెడితే రెండోవారికి అదే తానులోంచి అదే చీర పెట్టాలి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ రాకూడదు. అన్నిటికన్నా గట్టి కట్టు ఒకటుంది. ఆ రోజు నుంచి బతికినంతకాలం ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు. నేస్తం అనే పిలవాలి.

వాళ్ళమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, తోటల మధ్య ఇసుక దారిలో నడిచి వారానికోసారి మా ఊరు వచ్చేది. వెనకాల చిన్న గంపతో ఈ పిల్ల. మా అమ్మ చేపలు తీసుకుని, బదులుగా మేం చోళ్ళు అనే రాగులో, కొబ్బరికాయలో పెట్టేది. పెద్దవాళ్ళు అరుగు మీద మాటల్లో పడితే మేమిద్దరం తోటలోకి పరిగెత్తేవాళ్ళం. ఇద్దరికీ పదేళ్ళు. ఇద్దరికీ ముందు పళ్ళ మధ్య సందు. ఎండాకాలంలో తోటంతా జీడిపండ్ల వాసన, కొంచెం తియ్యగా, కొంచెం కల్లులాగా. ఆ పండు రసం గౌనుకు అంటుకుంటే జన్మలో పోదు. ఆమె చెట్టెక్కి పండ్లు విసిరేది, నేను కింద నుంచి పట్టుకునేదాన్ని. పట్టుకోలేనివన్నీ నా గౌను మీదే పడేవి. ఒకరోజు దూరంగా మా అమ్మ కేక వినబడితే, నేను చెట్టు కింద నుంచి ఆమెను పేరు పెట్టి పిలిచి, "బేగి దిగు, అమ్మ వత్తంది" అన్నాను. ఆ పేరుతో నేను ఆమెను పిలిచింది అదే ఆఖరు. ఆఖరుసారని తెలిసుంటే కొంచెం నెమ్మదిగా, కొంచెం ఇష్టంగా పిలిచేదాన్నేమో. తన్నులు తప్పించుకునే తొందరలో గబగబా అనేశాను.

ఆ మర్నాడు మా ఊరి అమ్మవారి సంబరం. రెండు మరకల గౌన్లతో పక్కపక్కన నిలబడ్డ మమ్మల్ని చూసి మా నాయనమ్మే అంది, వీళ్ళిద్దరికీ నేస్తరికం కట్టేద్దామని. ఒకే చాప మీద కూర్చోబెట్టారు. ఒకే తానులో గుడ్డ తెచ్చి ఇద్దరికీ పరికిణీలు కుట్టించారు. ఒకరి నోట్లో ఒకరం బెల్లం పెట్టుకున్నాం. ఆమె తన వాటాగా నా వేలు కూడా కొరికింది. నాయనమ్మ మా ఇద్దరి చెవులూ పట్టుకుని, "ఈపొద్దు నుంచి పేరెత్తి పిలిసినారంటే నాలిక మీద వాత పెట్టీగల్ను" అంది. వాత పెడుతుందన్న భయం నాయనమ్మతోనే పోయింది గానీ, ఆ కట్టు పోలేదు. నలభై ఆరేళ్ళైంది.

మాకు బడి లేదు. ఆమె చదువు చేపల గంప, నాది పిక్కల కుప్ప. నన్ను పలాస దగ్గరి ఊరికి ఇచ్చారు, ఆమెను తీరంలోనే ఇంకో ఊరికి. ఆమె చేపలమ్ముకోవడానికి కాశీబుగ్గ సంతకు వచ్చేది కనుక వారానికి రెండుసార్లైనా కలిసేవాళ్ళం. ఆ తర్వాత పెద్ద తుఫాను వచ్చి మా తోటను పడుకోబెట్టేసిందిగానీ, అంతకుముందు నుంచే నేను పిక్కలు కొట్టే పనికి వెళ్ళేదాన్ని. పిక్క పగలగొడితే లోపల నుంచి సొన వస్తుంది. చేతికి తగిలితే చర్మం ఊడొస్తుంది. అంటకుండా పక్కన పళ్ళెంలో బూడిద పెట్టుకుని మాటిమాటికీ వేళ్ళు అందులో అద్దుకుంటాం. అయినా ఇరవై ఏళ్ళ సొన ఇరవై ఏళ్ళ సొనే. నా బొటనవేలు గులకరాయిలా నున్నగా అయిపోయింది.

రాత రాని మనిషికి వేలే సంతకం. రేషను దుకాణంలో వేలిముద్ర మిషను పెట్టిన కొత్తలో నేను నాలుగుసార్లు వేలు పెట్టాను, నాలుగుసార్లూ ఎర్ర దీపమే వెలిగింది. దుకాణం అతను విసుక్కుని, "ఈ వేలు నీది కాదంటంది మిసను" అన్నాడు. నా పక్కన గంప దించుకుని నిలబడ్డ నేస్తం, "మరెవుల్దంటావు బావూ, అద్దెకి తెచ్చుకున్నాదేటి" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి అతను ఒక పుస్తకం తీసి, సంతకం పెట్టి తీసుకెళ్ళమన్నాడు. పెట్టడం రాదన్నాను. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని, ఇద్దరం బస్టాండుకు నడిచాం. వాళ్ళ ఊరి బస్సు ఎక్కబోతూ నేస్తం అంది, "వేలు అరిగిపోనాది. ఇంక మనకి అచ్చరమే గతి నేస్తం." ఆమె వేలు బాగానే ఉంది. అయినా మనకి అంది.

అప్పుడు మా అమ్మాయి నర్సింగు చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మాకు అక్షరాలు నేర్పింది. పలకలేవీ కొనలేదు. నా బూడిద పళ్ళెమే పలక. తప్పు పోతే చేత్తో ఒక్కసారి సర్దితే సరి, ఎన్ని తప్పులైనా కనబడకుండా పోతాయి. మొదట నా పేరు వచ్చింది, దానికి మూడు వారాలు పట్టింది. తర్వాత ఏం నేర్పమంటావని మా అమ్మాయి అడిగింది. అమ్మ అని అంటాననుకుంది, లేదా తన పేరు అడుగుతాననుకుంది. నేను నేస్తం వైపు చూశాను. మా అమ్మాయికి అర్థమైంది. ఒత్తులు, దీర్ఘాలు వేలితో చూపించింది. నేను బూడిదలో ఆ పేరు రాశాను. ఎదురుగా కూర్చున్న నేస్తానికి అది తలకిందులుగా కనబడింది. అప్పటికి ఆమెకు తిన్నగా ఉన్నవే సరిగా రావు.

"అదేటి రాసినావు?"

"నువ్వే" అన్నాను.

పళ్ళెం తనవైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత ఎవరైనా చూసేస్తారేమో అన్నట్టు దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. "నోటితో అనకూడదన్నాది మీ నాయనమ్మ. సేత్తో రాయకూడదనలేదు గదా" అంది. అలా మా కట్టులో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది.

మా అమ్మాయి చదువు పూర్తయి పట్టా ఇచ్చేరోజు మమ్మల్నిద్దర్నీ విశాఖపట్నం తీసుకెళ్ళింది. పెద్ద హాలు, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. నేస్తం కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కొసన కూర్చుంది. వేదిక మీద ఒకాయన మైకులో ఒక్కొక్కరి పేరే చదువుతున్నాడు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. పిలిచిన పిల్ల నల్ల గౌనులో మెట్లెక్కుతుంటే హాలంతా చప్పట్లు. మా అమ్మాయి పేరు పిలిచినప్పుడు నేను ఏడ్చాననీ, చప్పట్లు కొట్టడం మరిచిపోయాననీ తర్వాత నేస్తం చెప్పింది. తను మాత్రం నా వాటా కూడా కలిపి కొట్టింది. కొంతసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "ఇంటిపేరుతో సహా పిలుత్తన్నాడు నేస్తం" అంది. ఇంకొంచెం ఆగి, ఇంకెవరి గురించో చెబుతున్నట్టుగా నెమ్మదిగా అంది. "ఊళ్ళో నా కొడుకుని బట్టి నన్ను గుంటడి తల్లంతారు. సంతలో సేపలామె. నీకు నేస్తాన్ని. నేస్తరికం కట్టినాక ఆ పేరుతో పిలిసింది మాయమ్మొక్కర్తే. అమ్మతోపాటే అదీ ఎల్లిపోనాది."

ఆ మాట విన్న నిమిషంలో నాకు కలిగిన కోరిక ఇప్పటికీ అలాగే ఉంది. అందరూ వినేలా ఆ పేరు ఎవరో ఒకరు పిలవాలి. నేను పిలవలేను. నాకు నోరు కట్టేసి ఉంది. ఊళ్ళోవాళ్ళకు అలవాటు లేదు. ఇక మిగిలింది ఆ మైకే. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక, మనమూ చదువుదామా అన్నాను. ఎంతవరకు అని ఆమె అడగలేదు. "ఇద్దరం ఒకే సీర కట్టుకుని ఎక్కాల మెట్లు" అంది. ఆ నల్ల గౌను కింద చీర ఎవరికీ కనబడదని మాకు అప్పుడు తోచలేదు.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి, తర్వాత ఇంటరు. నా మొదటి ప్రయత్నం లెక్కల్లో పోయింది, ఆమెది సామాన్యశాస్త్రంలో. ఎవరు ముందు పాసైనా రెండోవారి కోసం ఆగి కలిసే ముందుకు వెళ్ళాం. చీరల లెక్కే చదువుకూ వేసుకున్నాం. ఆ తర్వాతే టెక్కలి.

అక్కడ చేరినరోజు జరిగింది చెప్పాలి. అప్పుడున్న గుమాస్తా పెద్దాయన, ఇప్పుడు రిటైరయ్యాడు. హాజరు పుస్తకంలో నా వివరాలు రాసుకున్నాక, "మీతో వచ్చినావిడ పేరు?" అన్నాడు. ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళింది. కాసేపు ఆగమందామనుకున్నాను గానీ, ఆయన కళ్ళజోడు మీదనుంచి చూసే చూపుకు భయపడి, అలవాటైన మాటే అనేశాను, "నేస్తమండి" అని. ఆయన తల ఊపి రాసుకున్నాడు. రెండు ఆదివారాలు హాజరు పిలిచినప్పుడు తెలుగు మేష్టారు, "నేస్తం" అని పిలవడం, ఈమె లేచి "వచ్చినానండి" అనడం, వెనక బల్లల మీది కుర్రపిల్లలు కిందకి వంగి నవ్వుకోవడం. మూడో ఆదివారం మేష్టారు, "అమ్మా, ఇంత మంచి పేరు పెట్టారు, మీ నాన్నగారు కవిగారా?" అని అడిగారు. నేస్తం నా వైపు ఒక్క చూపు చూసింది. "మా నాన్న వల ఏసీవాడండి. ఇది మా నేస్తం సేసిన పని" అంది. నేను నోటుపుస్తకంలో కాగితం చింపి, అసలు పేరు రాసి మేష్టారికి ఇచ్చాను. ఆయన చదివి, నోట్లోనే అనుకుని, సవరించుకున్నారు. మొత్తం క్లాసుకు వినబడేలా ఆ పేరు పిలుస్తారని నేను ఎదురుచూశాను. ఇంకెవరి పేరూ తప్పు పిలవకూడదనేమో, ఆ తర్వాత ఆయన హాజరుకు కాగితం తిప్పడం మొదలుపెట్టారు, ఎవరికి వాళ్ళు సంతకాలు పెట్టుకోవడమే. పిలవడం పోయింది. నా వల్లే పోయింది.

ఆదివారాలు ఆమె తెల్లారకముందే చేపలు తెచ్చి అమ్మి, చేతులకు నిమ్మాకు రుద్దుకుని కాశీబుగ్గ బస్టాండుకు వచ్చేది. మొదటి ఏడాది మా బల్ల చుట్టూ ఖాళీ ఉండేది. చేపల వాసన కొంత, నా వేళ్ళకుండే సొన వాసన కొంత. రెండో ఏడాది నుంచి ఆ ఖాళీ పోయింది. ఎందుకంటే ఆమెకు ఒకసారి విన్నది మరుపు లేదు. ఏ ఇంటివాళ్ళు ఏ వారం ఏ చేప తీసుకున్నారో నలభై ఇళ్ళవి నోట్లో పెట్టుకుని తిరిగిన మనిషి. చరిత్ర పాఠం మొత్తం, మేష్టారు మధ్యలో దగ్గిన చోటుతో సహా అప్పజెప్పేది. ఆమె చెబుతుంటే నేను రాసేదాన్ని. నా రాత నెమ్మది, ఆమె మాట వడి. "నీ కలం ఎదురుగాలికి తెడ్డేసినట్టు నడుత్తంది" అనేది. టెక్కలి బస్టాండులో ఒక పొట్లం వేరుశెనక్కాయలు కొనుక్కుని, పలాస వచ్చేదాకా ఒలుచుకుంటూ, ఆ పాఠమే మళ్ళీ మళ్ళీ. ఒక్క ఇంగ్లీషు దగ్గర మాత్రం ఆమె మూగదయ్యేది. అది చెవితో పట్టుకునే చదువు కాదు, కంటితో పట్టుకోవాలి. ఆమె కళ్ళు ఉప్పునీళ్ళకు ముందే అలిసిపోయాయి.

ఆఖరి పరీక్షలకు పదిరోజుల ముందు ఒడిశాలోని పారాదీపు నుంచి ఆమె కొడుకు ఫోను చేశాడు. తుఫానులో పడవ పోయాక అతను అక్కడి పడవల మీద పనికి వెళ్ళి స్థిరపడ్డాడు. కోడలికి కవలలు పుట్టారు, నెలలు నిండకుండా. ఆమె ఇంగ్లీషు, రాజనీతి శాస్త్రం రెండూ వదిలేసి రైలెక్కింది. పలాస స్టేషనులో నేను టిఫిను కట్టి ఇచ్చాను. "మూడు నెల్లు. పిల్లలు కాస్త గట్టిపడితే వచ్చీనా" అంది. ఇంగ్లీషు పుస్తకం సంచిలో పెట్టుకుంది. అది జరిగి రెండేళ్ళు.

నేనూ ఆగాను. పాత పద్ధతి ప్రకారం ఒక పేపరు రాయకుండా ఉంచేశాను. ఏడాది దాటాక ఆమెకు ఎవరో చెప్పారు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఫోనులో కసిరింది, "నా మూలాన నువ్వు ఆగిపోతే నాకు ఈ సముద్రం అన్నం అరగదు. రాయి." రాశాను. పాసయ్యాను. ఆ కబురు చెబితే అటువైపు పిల్లల ఏడుపులు, మరబోటు చప్పుడు, మధ్యలో ఆమె గొంతు. "మనిద్దర్లో ఒకల్లం పాసైనాం గదా నేస్తం. సాల్లే." ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ రాకూడదన్న మాట ఆమెకు గుర్తులేక కాదు. గుర్తున్నా పక్కన పెట్టేసింది. అదే నాకు కష్టంగా తోచింది.

ఆ తర్వాత మా ఫోన్లు పొట్టివైపోయాయి. ఏం తిన్నావు, వానలున్నాయా, పిల్లలకు జ్వరం తగ్గిందా. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో పలకరింపుల్లో ఇంకొకటి కూడా ఉంటుంది, రక్తపరీక్షలో కిరాటిను ఎంతొచ్చింది అని. బాగున్నారా అన్నంత మామూలుగా అడుగుతాం. మా ఇంటాయనది నిలకడగా ఉంది. నాది నిరుటికన్నా కొంచెం ఎక్కింది. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

ఈ పరిస్థితిలో వచ్చింది టెక్కలి ఫోను. మర్నాడు వెళ్ళి రెండు దరఖాస్తులు తెచ్చుకున్నాను, ఒకటి నా పట్టాకు, ఒకటి ఆమె పరీక్షకు. ఇంటాయన రెండూ తిరగేసి చూసి, "నీది పూర్తి సెయ్యి ముందు. ఆవిడ వత్తాదో రాదో" అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. మా అమ్మాయి ఫోనులో, "సభకే వెళ్ళమ్మా, నేను సెలవు పెట్టుకుని వస్తాను, ఈసారి చప్పట్లు నావి" అంది. అదీ నాకు ఆశగానే ఉంది. మెట్లెక్కాలని లేదని నేను ఎలా అంటాను? ఆ మైకులో నా పేరు వినాలని నాకు మాత్రం ఉండదా?

ఆమె దరఖాస్తు ముందు పూర్తిచేశాను. పేరున్న గడిలో ఒక్కొక్క అక్షరం విడివిడిగా పెట్టాను. తండ్రి పేరు, ఊరు, పరీక్షా కేంద్రం టెక్కలి. సంతకం గడి ఖాళీగా వదిలి, నా చిరునామా రాసిన కవరు లోపల పెట్టి పారాదీపు పంపాను. ఉత్తరం ఏమీ రాయలేదు. రాస్తే బతిమాలినట్టవుతుంది. బతిమాలితే మొహమాటానికి ఒప్పుకుంటుంది.

పది రోజులకు కవరు తిరిగొచ్చింది. నేను పెట్టి పంపిన కవరు కాదు, వేరేది. దాని మీద నా ఇంటిపేరు, నా పేరు, ఆమె చేతిరాతలో ఉన్నాయి. నేను రాసిన కవరు వాడుకోవచ్చు. వాడుకోలేదు. అక్షరాలు పెద్దవి, కొంచెం వాలుగా, గాలికి వంగిన సరుగుడు చెట్లలాగా. నలభై ఆరేళ్ళలో ఆమె నా పేరు పిలిచినట్టు నాకు వినబడింది అదే మొదటిసారి. తపాలా అతను ఇంకా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఏమైనా చెడ్డ కబురా అని అడిగాడు.

లోపల దరఖాస్తు మీద సంతకం ఉంది. దాంతో ఒక కాగితం. "నేస్తానికి. పరీచ్చకి రెండ్రోజులు ముందే వత్తాను. కోడలు పిల్లల్ని సూసుకుంతానన్నాది. ఇంగ్లీసు పుస్తకం చిన్నోడు చింపేసినాడు, నీది ఉంచు. పాసవుతానో లేదో తెలవదు. నువ్వు మటుకు ఈ ఏడే ఎల్లి పట్టా తెచ్చుకో. నాకోసం కూకోకు. సీర ఏ రంగు కడతావో సెప్పు, నేనిక్కడ అదే కట్టుకుని కూకుంతాను."

ఆ ఆఖరి వాక్యం మళ్ళీ చదివాను. వెయ్యి మందిలో నేను మెట్లెక్కుతుంటే, అక్కడెక్కడో పారాదీపు రేవు దగ్గర రెండు గదుల ఇంట్లో, అదే రంగు చీర కట్టుకుని, ఏ పేరూ వినబడని చోట ఆమె కూర్చుని ఉంటుంది.

నెలాఖరుకు ఒకరోజు ముందు టెక్కలి వెళ్ళాను. ఆమె దరఖాస్తు కిటికీలోంచి ఇచ్చాను. గుమాస్తా చూసి ముద్ర వేసి, రెండో కాగితం కోసం చెయ్యి చాపాడు. నాది సంచిలోనే ఉంది. సంచి మీద చెయ్యి పెట్టి, "నాది వచ్చే ఏటి సభకి ఇవ్వొచ్చా బాబూ?" అని అడిగాను.

"ఇవ్వొచ్చు. అపరాధ రుసుము ఉంటాది. కానీ ఎందుకండీ?"

"ఇద్దరం కలిసి తీసుకుందామని."

"వచ్చే ఏటికి ఆవిడ పాసవుతారని గ్యారంటీ ఏటి పిన్నీ?"

"లేదు."

"పోనీ సభలో అందర్నీ పేరుపేరునా పిలుస్తారనీ లేదండి. జనం ఎక్కువైతే గుంపుగా లేపి చప్పట్లు కొట్టించీసి కూర్చోబెట్టీగలరు."

ఇది నాకు తెలియదు. రెండు చేతులతో ఆ కిటికీ చువ్వ పట్టుకున్నాను. వెనక వరసలో ఎవరో ఆడపిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో, తొందరగా కానీమన్నట్టు గొంతు సవరించుకుంది. "అయితే ఆరోజు పొద్దున్నే వచ్చి, ఆ మైకాయన ఎవరో కనుక్కుని, చేతిలో చీటీ పెడతాను. ఒక్క పేరు పిలవమని అడుగుతాను. నా పేరు పిలవకపోయినా పర్లేదు" అన్నాను. గుమాస్తా నా ముఖం కేసి చూశాడు. వేళాకోళం మానేశాడు. "ఆ చీటీ నాకియ్యండి పిన్నీ, సభ పనులు ఎప్పుడూ మామీదే పెడతారు. మైకు పట్టుకునేది నేనైనా కావొచ్చు" అన్నాడు.

ఇంగ్లీషు పరీక్ష ఇంకా ఇరవై రోజులుంది. నా పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంచాను. ఎర్రంచు ఆకుపచ్చ చీరలు రెండు, ఒకే తానువి, కాశీబుగ్గలో చూసి పెట్టాను. డిగ్రీ అయ్యాక ఏం చేస్తారని మా క్లాసు పిల్లలు ఒకరినొకరు అడుగుతుండేవాళ్ళు. ఉద్యోగాలు, బీఎడ్‌లు, హైదరాబాదులు చెప్పుకునేవాళ్ళు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒకటే ఉంది. ముందు ముందు ఒకరోజు ఒక హాల్లో కొసన కూర్చుని, ఒక పేరు వింటాను.

ఆ పేరు ఇక్కడ రాయవచ్చు. చేత్తో రాయకూడదని మా నాయనమ్మ అనలేదు. కానీ రాయను. అది ముందు మైకులో రావాలి. గడిచిన నలభై ఆరేళ్ళు ఎలా గడిచాయో నాకు తెలియనే లేదు గానీ, ఈ రాబోయే ఒక్క ఏడాదిని మాత్రం రోజుకొక పిక్క చొప్పున ఒలుచుకుంటున్నాను.